ఆరు కార్ల లెక్క

(న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో తెలుగు కుటుంబాలు నెలకోసారి కలిసే చోట ఒక అకౌంటెంట్ చేసిన ప్రసంగానికి అక్షర రూపం. సభలో వచ్చిన ప్రశ్నలను అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసకి వినిపిస్తోందా? సరే. పులిహోర వాసన ఇక్కడిదాకా వస్తోంది కాబట్టి మిమ్మల్ని ఎక్కువసేపు కూర్చోబెట్టను.

పోయిన నెల ఇదే హాల్లో చెప్పులు వేసుకుంటూ ఉంటే ఒక కుర్రాడు పక్కకు వచ్చి, "అంకుల్, ఇక్కడ ఏడాదికి ఆరు కార్ల దాకా ఎవరైనా అమ్ముకోవచ్చంట కదా? ట్యాక్స్ కూడా ఉండదంట కదా?" అన్నాడు. "ఎవరు చెప్పారు నాయనా?" అంటే, "అందరూ అంటున్నారు" అన్నాడు. ఆ అందరూ ఎవరో నాకు తెలియదు గానీ, వాళ్ళలో కొందరు ఇక్కడ కూర్చుని ఉండాలి. (నవ్వులు) ఇవాళ్టి మాటలు వాళ్ళకోసమే.

ముందు నా సంగతి చెప్పాలి. నేను లెక్కలు రాసే మనిషిని, లాయర్ని కాదు. కానీ సెకండ్ హ్యాండ్ బళ్ళ మధ్యే పెరిగాను. విజయవాడ ఆటోనగర్ దగ్గర మా నాన్నగారికి ఆటో కన్సల్టెన్సీ ఉండేది. కన్సల్టెన్సీ అంటే మీకు తెలుసుగా, నాలుగు కార్లు, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక గోద్రెజ్ బీరువా. ఆ బీరువాలో కింది అరలో ఒక అట్ట ఫైలు ఉండేది. దాని నిండా 29, 30 ఫారాలు, అంటే బండి ఒకరి పేరు నుంచి ఇంకొకరి పేరుకు మార్చే కాగితాలు. అమ్మినవాడి సంతకం ఉంటుంది, ఫొటో అంటించి ఉంటుంది. కొన్నవాడి పేరు రాయాల్సిన చోట మాత్రం ఖాళీ. "అదేంటి నాన్నా, ఇక్కడ పేరు లేదు?" అని నా చిన్నప్పుడు అడిగితే, "బండి ఎవరు కొంటారో తెలిస్తే కదా రాయడానికి. తర్వాత రాసుకుంటాం" అన్నారు.

ఆ "తర్వాత" చాలాసార్లు రాలేదు. మా దగ్గర మారుతి 800 అమ్మిన ఒక స్కూలు మాస్టారు ఉండేవారు. ఆ కారు మా నుంచి ఏలూరు వెళ్ళింది, అక్కణ్ణుంచి ఇంకెక్కడికో వెళ్ళింది. రెండేళ్ళ తర్వాత యాక్సిడెంట్ కేసులో నోటీసు మాత్రం తిన్నగా మాస్టారి ఇంటికి వచ్చింది. ఆర్‌సీలో ఇంకా ఆయన పేరే ఉంది మరి. పొద్దున్నే ఆ కాగితం పట్టుకుని మా ఇంటి మెట్ల మీద కూర్చున్నారు. మా నాన్నగారు దొంగ కాదు, బజారులో అందరూ చేసిందే ఆయనా చేశారు. అయినా ఆ మాస్టారి మొహం చూసి ఆ రోజు ఆయన అన్నం తినలేదు. న్యూజిలాండ్ చట్టం మొదటిసారి చదివినప్పుడు నాకు ఆ మెట్లే గుర్తొచ్చాయి.

ఇప్పుడు ఇక్కడి సంగతికి వద్దాం. ఈ దేశంలో కార్ల తయారీ లేదు. ఒకప్పుడు విడిభాగాలు తెచ్చి బిగించే ఫ్యాక్టరీలు ఉండేవి. 1998లో దిగుమతి సుంకం ఎత్తేశారు, అదే ఏడాది టయోటా, నిస్సాన్, హోండా, మిత్సుబిషి అసెంబ్లీ ప్లాంట్లు మూతపడ్డాయి. అంతకు ముందు నుంచే జపాన్‌లో నాలుగైదేళ్ళు తిరిగిన కార్లు ఓడల్లో దిగడం మొదలైంది. అక్కడా ఎడమ పక్క డ్రైవింగే, ఇక్కడా ఎడమ పక్కే. మీరు నడిపే ఆక్వా, డెమియో, లీఫ్, అన్నీ దాదాపు అలా వచ్చినవే. ఇంత సరుకు వచ్చే చోట బ్రోకర్లు పుట్టకుండా ఉంటారా? వాళ్ళతోపాటు మీటర్ వెనక్కి తిప్పే చేతులూ పుట్టాయి.

బళ్ళ వ్యాపారులను అదుపు చేయడానికి అంతకు ముందే, 1975లోనే ఒక చట్టం తెచ్చారు. అది లైసెన్సు పద్ధతి. దాన్ని తీసేసి తెచ్చిందే మోటార్ వెహికల్ సేల్స్ యాక్ట్. 2003 డిసెంబరు 15న అమల్లోకి వచ్చింది. దీని పద్ధతి వేరు. నువ్వు మంచి వ్యాపారివా కాదా అని పరీక్ష పెట్టదు. నీ పేరు, అడ్రసు, కంపెనీ అయితే డైరెక్టర్ల పేర్లు జనం చూడగలిగే రిజిస్టర్‌లో పెట్టు, ఏటేటా రెన్యువల్ చేసుకో, తర్వాత వ్యాపారం చేసుకో అంటుంది. దివాలా తీసి ఇంకా బయటపడని వాళ్ళకూ, గత 5 ఏళ్ళలో మోసం లాంటి నేరంలో శిక్ష పడ్డవాళ్ళకూ మాత్రం కుదరదు. మిగిలిన వాళ్ళకు ఆన్‌లైన్‌లో కూర్చుని చేసుకునే పనే. ఇంత తేలిక పని చేయనందుకు జరిమానా ఎంత ఉంటుందనుకుంటున్నారు?

(సభలోంచి: "ఐదొందల డాలర్లా?")

ఐదొందలు అన్నవాళ్ళు పార్కింగ్ టికెట్‌తో పోల్చుకుంటున్నారు. మనిషికైతే 50,000 డాలర్ల దాకా. కంపెనీకైతే 2,00,000 డాలర్ల దాకా. రిజిస్టర్ కాకుండా వాహనాల వ్యాపారం చేయడం అనే ఒక్క నేరానికే ఇది. కారు బాగుందా, కొన్నవాడు సంతోషంగా ఉన్నాడా, ఇవేవీ అక్కర్లేదు. మీరు బంగారం లాంటి బళ్ళు అమ్మి ఉండొచ్చు. నేరం నేరమే.

ఇది గరిష్ఠం అని గుర్తుపెట్టుకోండి. ఎన్ని బళ్ళు, ఎంత కాలం, ముందే హెచ్చరించినా మానలేదా అన్నవి చూసి జడ్జి ఎంతన్నది తేలుస్తారు. కానీ ఎంత పడ్డా కోర్టులో పడుతుంది, కన్విక్షన్‌గా పడుతుంది. రేపు రెసిడెన్సీ ఫారం నింపేటప్పుడు "నీ మీద ఎప్పుడైనా శిక్ష పడిందా" అనే ప్రశ్న దగ్గర పెన్ను ఆగిపోతుంది. నన్నడిగితే డబ్బు కన్నా ఆ పెన్ను ఆగడమే పెద్ద శిక్ష.

ఇప్పుడు ఆ ఆరు. అసలు గొడవంతా ఇక్కడే. చట్టం ఏమంటుందంటే, 12 నెలల్లో 6 కన్నా ఎక్కువ వాహనాలు అమ్మినవాణ్ణి, లేదా అమ్మకం కోసం 3 కన్నా ఎక్కువ దిగుమతి చేసుకున్నవాణ్ణి ట్రేడర్‌గానే లెక్కేస్తాం అంటుంది. లాభం కోసం అమ్మలేదు అనుకుంటే ఆ సంగతి వాడే రుజువు చేసుకోవాలి. మామూలుగా నేరం రుజువు చేసే బరువు ప్రభుత్వానిది. ఏడో కారు దగ్గర ఈ విషయంలో ఆ బరువు మీ నెత్తి మీదికి వస్తుంది. అంతే తప్ప, ఆరు దాకా మీ ఇష్టం అని ఎక్కడా రాయలేదు. లాభానికి కొని అమ్మడమే మీ పని అయితే మూడో కారు దగ్గరైనా మీరు ట్రేడరే. రెండు కార్లు పెట్టుకుని "ఫలానా కార్ సేల్స్" అని ఫేస్‌బుక్ పేజీ తెరిచారా, ఇక లెక్కపెట్టే పనే లేదు. వ్యాపారినని మీకు మీరే చెప్పుకున్నట్టు.

ఊళ్ళో వాడుక చూడండి, "ఆరు దాటితే తప్పు" అన్న మాట నాలుగు నోళ్ళు తిరిగేసరికి "ఆరు దాకా ఒప్పు" అయిపోయింది. రెండూ ఒకటి కాదు.

12 నెలలు అంటే జనవరి నుంచి డిసెంబరు కాదు. ఏ 12 నెలలైనా తీసుకోవచ్చు. అక్టోబరులో నాలుగు అమ్మి, కొత్త సంవత్సరం వచ్చింది కదా అని ఫిబ్రవరిలో ఇంకో నాలుగు అమ్మితే అవి ఎనిమిదే.

మన కుర్రాడు ఒకడు ఉండేవాడు, ఊరూ పేరూ వద్దు. పగలు ఐటీ ఉద్యోగం, సాయంత్రం కార్లు. వేలంలో కొంటాడు, శుభ్రంగా కడిగి పాలిష్ పెడతాడు, ట్రేడ్ మీ అనే అమ్మకాల వెబ్‌సైట్‌లో పెడతాడు. ఒక్కో కారు మీద ఎనిమిది వందలో వెయ్యో మిగులుతుంది. మూడు తన పేరు మీద, మూడు భార్య పేరు మీద, రెండు రూమ్మేట్ అకౌంట్‌లో. ఎవరికీ ఆరు దాటలేదు, ఎంత తెలివి! తీరా ఒక రోజు అధికారుల దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. అది పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. "వాళ్ళకు ఎలా తెలిసింది సార్?" అంటాడు. నేను అతని పాత ప్రకటనలు తెరిచి చూశాను. నాకు రెండు నిమిషాలు పట్టింది. ఎనిమిది కార్ల ఫొటోల్లోనూ వెనకాల అదే ఆకుపచ్చ పోస్టు డబ్బా, దాని పక్కన అదే విరిగిన చెక్క గేటు. ఒక ఫొటోలో అయితే కారు తలుపు మీద ఇతని నీడే పడింది, చేతిలో ఫోను పట్టుకుని. (నవ్వులు) మూడు అకౌంట్లలోనూ ఫోన్ నంబరు ఒకటే. డబ్బు పడే బ్యాంకు ఖాతా కూడా ఒకటే.

పేర్లు పంచుకుంటే వ్యాపారం పంచుకున్నట్టు కాదు. కొనేది ఎవరు, బేరం ఆడేది ఎవరు, డబ్బు ఎవరికి చేరుతోంది అని చూస్తారు. పైగా ఏమీ తెలియని ఆ ఇల్లాలిని, ఆ రూమ్మేట్‌నీ ఇందులోకి లాగినట్టు. అతను ఆ రోజే అమ్మకాలు ఆపేశాడు, లాయర్ని పెట్టుకున్నాడు. తర్వాత సంగతి అతని సొంత విషయం.

ఇంకో పద్ధతి ఉంది, అది మా నాన్నగారి బీరువా పద్ధతే. కారు కొంటాడు, తన పేరు మీదికి మార్చుకోడు. పాత ఓనరు పేరు మీదే ఉంచి, కొన్నవాడి పేరు మీదికి నేరుగా మార్పిస్తాడు. అప్పుడు రికార్డులో తను కనిపించడు కదా అని. ఇక్కడ బండి కొన్నవాడు 7 రోజుల్లో ఇక్కడి రవాణా సంస్థ వాకా కొటాహికి తెలియజేయాలి, అమ్మినవాడూ తెలియజేయాలి. ఇద్దరూ చెప్పకుండా మధ్యలో ఇతను మూడు వారాలు బండి తిప్పితే, నార్తర్న్ గేట్‌వే టోలు నుంచి స్పీడ్ కెమెరా దాకా నోటీసులన్నీ పాత ఓనరుకే వెళతాయి. ఆ పాత ఓనరు ఏ పామర్‌స్టన్ నార్త్‌లోనో ఉండే ముసలావిడ అయితే ఒక్క ఫోన్ చేస్తుంది. ఇలాంటి కేసులు బయటపడేది గూఢచారుల వల్ల కాదు, అలాంటి ఒక్క ఫోన్ వల్ల.

ఇప్పుడు నా అసలు వృత్తిలోకి వస్తాను. కారుకు పది వేల చొప్పున ఏడు కార్లు అమ్మారనుకోండి. లాభం ఏడు వేలే అయినా అమ్మకం 70,000. జీఎస్టీకి రిజిస్టర్ కావలసిన గీత 12 నెలలకు 60,000. అది లాభం మీద కాదు, అమ్మకం మీద. అంటే ఏ ఏడో కారు దగ్గర ట్రేడర్ల రిజిస్టర్ మీ వైపు చూస్తుందో, సరిగ్గా అక్కడే ఇక్కడి పన్నుల శాఖ అయిన ఇన్‌లాండ్ రెవెన్యూ కూడా చూస్తుంది. ఇక ఆదాయపు పన్ను సంగతంటారా, దానికి ఏ గీతా లేదు. లాభానికి అమ్ముదామనే కొన్న కారు మీద వచ్చిన లాభం ఒక్క కారైనా ఆదాయమే. ఆ కుర్రాడు అన్న "ట్యాక్స్ ఉండదంట కదా" ఎక్కడ పుట్టిందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

వీసా మాట కూడా ఒక్క ముక్క. చదువుకోవడానికి వచ్చిన పిల్లలకు ఇన్ని గంటలు ఉద్యోగం చేసుకోమని ఇచ్చారు, సొంత వ్యాపారం చేసుకోమని కాదు. ఒక కంపెనీ పేరు రాసి ఇచ్చిన వర్క్ వీసా కూడా ఆ కంపెనీలో పనికే. నెలకు వెయ్యి డాలర్ల కోసం వీసానే పందెం కాయడం ఏం తెలివి? అమ్మానాన్నలు పొలం అమ్మి పంపించారు కొందరిని. ఈ మాట కొంచెం గట్టిగా అన్నాను, ఏమనుకోకండి.

ఇంతసేపూ అమ్మేవాళ్ళ సంగతే చెప్పాను. కొనేవాళ్ళకు ఈ చట్టం ఏం చేస్తుందో చెప్తాను, ఇక్కడ ఉన్నవాళ్ళలో ఎక్కువమంది వాళ్ళే.

ట్రేడర్ దగ్గర కారు కొంటే అద్దం మీద ఒక కార్డు ఉండాలి. కన్స్యూమర్ ఇన్ఫర్మేషన్ నోటీస్ అంటారు. అందులో ట్రేడర్ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, ధర, ఏ సంవత్సరం బండి, ఓడోమీటర్ రీడింగ్, దాని మీద అప్పు ఉందా, దిగుమతి అయినప్పుడే దెబ్బతిని వచ్చిందా, ఇవన్నీ ఉంటాయి. మీ చేత సంతకం పెట్టించుకుని మీకో కాపీ ఇవ్వాలి. నాకు ఈ కార్డంటే మహా ఇష్టం. మా నాన్నగారి దుకాణంలో కార్ల అద్దం మీద నిమ్మకాయలు, మిరపకాయలు ఉండేవి. (నవ్వులు) నిజం, ఇంత సమాచారం ఏ అద్దం మీదా చూడలేదు నేను.

ఆ తర్వాత బండి పాడైతే 1993 నాటి కన్స్యూమర్ గ్యారంటీస్ యాక్ట్ ఉంది. ఇచ్చిన ధరకు, బండి వయసుకు తగ్గ నాణ్యత ఉండాలి అంటుంది. కుదరకపోతే మోటార్ వెహికల్ డిస్ప్యూట్స్ ట్రిబ్యునల్‌కు వెళ్ళొచ్చు. అక్కడ 1,00,000 డాలర్ల దాకా ఇప్పించగలరు. లాయర్లు, నల్లకోట్లు లేకుండా మీ గోడు మీరే చెప్పుకోవచ్చు.

అదే పక్కింటాయన తన సొంత కారు అమ్మితే ఇవేవీ వర్తించవు. ఆయన అబద్ధం చెప్పి అమ్మాడని చూపించగలిగితే తప్ప, గేర్‌బాక్స్ పోయినా మీ ఖర్మే. అందుకే వ్యాపారులు పక్కింటాయన వేషం వేస్తారు. "మా ఆవిడ కారండీ, ఆఫీసుకు తప్ప బయటికి తీయలేదు" అంటారు. అది వాళ్ళకున్న మూడో ఆవిడ కారు. (నవ్వులు) రిజిస్టర్ కాకపోవడం ఎందుకింత పెద్ద నేరమో ఇప్పుడు అర్థమవుతోందా? వాడు ఎగ్గొట్టేది రిజిస్ట్రేషన్ ఫీజు ఒక్కటే కాదు. మీరు తిరిగి వెళ్ళి తలుపు కొట్టే హక్కు ఎగ్గొడుతున్నాడు.

(ముందు వరసలోంచి ఒక పెద్దాయన: "అయితే బాబూ, రిజిస్టర్ చేయించుకుంటేనే కదా ఈ గ్యారంటీలు, ట్రిబ్యునల్ అన్నీ మెడకు చుట్టుకునేది? చేయించుకోకపోతేనే హాయి కదా?")

మాస్టారూ, మీరు అడిగినదే ప్రతి కుర్రాడి మనసులోనూ ఉంది, పైకి అడగరు అంతే. కాదండీ. గ్యారంటీ బాధ్యత రిజిస్ట్రేషన్ వల్ల రాదు, వ్యాపారం చేయడం వల్ల వస్తుంది. "నేను రిజిస్టర్ కాలేదు కాబట్టి ట్రిబ్యునల్ నా జోలికి రాకూడదు" అంటే ఒప్పుకోరు. రిజిస్టర్ కావలసినవాడే కాలేదని తేలితే అతణ్ణి కూడా ట్రేడర్‌గానే చూసి, డబ్బు వెనక్కి ఇవ్వమంటారు. కాబట్టి రిజిస్టర్ కానివాడికి ట్రేడర్ బరువులన్నీ ఉంటాయి, పైన ఆ 50,000 కత్తి కూడా వేలాడుతుంది. హాయి ఎక్కడుందో మీరే చెప్పండి.

అందుకని కొనేవాళ్ళకు ఒక పని చెప్తాను. అమ్మేవాడి అకౌంట్‌లో ఇంకేం అమ్ముతున్నాడో చూడండి. పాత ప్రకటనలన్నీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, బండి పాడైన రోజు అవే మీ సాక్ష్యం. ట్రేడర్ల రిజిస్టర్‌లో పేరు వెతకడం ఉచితం. కారు మీద అప్పు ఉందేమో, అలాంటి అప్పులు నమోదయ్యే రిజిస్టర్ పీపీఎస్ఆర్‌లో చూసుకోండి, పెద్ద ఖర్చేమీ కాదు. వారంట్ ఆఫ్ ఫిట్‌నెస్, అంటే బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందనే సర్టిఫికెట్, నెల లోపు తీసినదై ఉండాలి, లేకపోతే "ఎలా ఉందో అలాగే" అని రాయించుకుని మరీ అమ్ముతారు. ఆ మాట రాసిన కారు జోలికి వెళ్ళకండి, మీకు మెకానిక్ బావమరిది ఉంటే తప్ప.

(ఒక మహిళ: "మన దగ్గర ఇలాంటి చట్టం ఏమీ లేదా అండీ?")

ఇప్పుడు ఉందమ్మా, చాలామందికి తెలియదు. 2022 డిసెంబరులో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు సవరించారు, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలు. పాత బళ్ళు కొని అమ్మే డీలరు రవాణా శాఖ దగ్గర ఆథరైజేషన్ తీసుకోవాలి, అది 5 ఏళ్ళు చెల్లుతుంది. మీరు బండి అతనికి అప్పగించి ఆన్‌లైన్‌లో తెలియజేసిన నిమిషం నుంచి దానికి అతనే ఓనరు కింద లెక్క, జరిగేదానికి అతనిదే బాధ్యత. బండి బయటికి తీస్తే ఎందుకు తీశారు, ఎవరు నడిపారు, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది అని ఎలక్ట్రానిక్ రిజిస్టర్ రాయాలి. మా మాస్టారి లాంటి వాళ్ళకోసమే రాసినట్టుంటుంది ఆ నిబంధన.

ఇలాంటి నిబంధన ఎందుకు కావాలంటారా, పుల్వామా గుర్తుందిగా. 2019 ఫిబ్రవరి 14న పేలిన ఆ మారుతి ఈకో 2011లో మొదట అమ్ముడై, ఏడు చేతులు మారిందని ఎన్ఐఏ తేల్చింది. ఇక యాక్సిడెంట్ల విషయంలో సుప్రీంకోర్టు 2018లో ఖరాఖండీగా చెప్పింది, బండి ఎన్ని చేతులు మారినా ఆర్‌సీలో పేరున్నవాడే పరిహారానికి బాధ్యుడు అని.

కానీ నిబంధన పెట్టినవాళ్ళు దానికి పళ్ళు పెట్టడం మర్చిపోయారు. ఆథరైజేషన్ తీసుకున్న డీలరు తప్పు చేస్తే దాన్ని సస్పెండ్ చేయొచ్చు, రద్దు చేయొచ్చు. అసలు తీసుకోనివాణ్ణి ఏం చేస్తారు? వేరే శిక్ష చెప్పని తప్పులన్నిటికీ వాడే 177వ సెక్షన్ ఉంది. మొదటిసారి 500 రూపాయల దాకా, మళ్ళీ చేస్తే 1,500 దాకా. ఇందాక ఎవరో ఐదొందలు అన్నారు చూడండి, అంకె సరిగ్గానే చెప్పారు, దేశమే మారింది. (నవ్వులు, చప్పట్లు)

ఐదొందలంటే ఆటోనగర్‌లో ఒక పూట టీ ఖర్చు. ఆ జరిమానాకు భయపడి ఎవరు రిజిస్టర్ అవుతారు? నిజం చెప్పాలంటే ఈ విషయంలో నాకు మన ప్రభుత్వం మీద కోపమే. మంచి నిబంధన రాసి, అమలును గాలికి వదిలేశారు. మీ ఊళ్ళో పెద్దవాళ్ళ బండి అమ్ముతుంటే, డీలరు ఆథరైజేషన్ సర్టిఫికెట్ అడిగి చూడండి. లేదంటే ఆర్టీఏ ఆఫీసుకు మీరే వెళ్ళి పేరు మార్పించండి. ఖాళీ ఫారం మీద మాత్రం సంతకం పెట్టనివ్వకండి.

ఇంకెవరైనా?

("మేం ఇండియా వెళ్ళిపోతున్నామండీ. ఇంట్లో నలుగురికీ కలిపి నాలుగు కార్లు, మా తమ్ముడివి ఇంకో మూడు. అన్నీ నేనే అమ్మిపెడుతున్నాను. నేను కూడా ట్రేడర్నేనా?")

కాదు, టెన్షన్ పడకండి. వాడుకోవడానికి కొన్నవి, వెళ్ళిపోతూ అమ్ముకుంటున్నారు. లాభం కోసం కాదు. అయితే ఆరు దాటుతున్నాయి కాబట్టి, ఎప్పుడు కొన్నారు, ఎన్నాళ్ళు నడిపారు అనే కాగితాలు, విమానం టికెట్లు దాచుకోండి. ఎవరి కారు వారి పేరు మీదే అమ్మండి. పేరు మార్పు నోటీసు మాత్రం అదే రోజు ఆన్‌లైన్‌లో కొట్టేయండి, లేకపోతే మీరు హైదరాబాద్‌లో బిర్యానీ తింటుంటే ఇక్కడి టోలు నోటీసులు వస్తూ ఉంటాయి.

("జపాన్ నుంచి స్నేహితులకు కార్లు తెప్పించి పెడుతుంటాను అన్నా. నా పేరు మీద ఏమీ ఉండదు, కమిషన్ తీసుకుంటాను అంతే.")

తమ్ముడూ, ఇక్కడి చట్టంలో కార్ కన్సల్టెంట్ అనే మాట ఉంది. డబ్బు తీసుకుని వేరేవాళ్ళకు కారు కొనిపెట్టేవాళ్ళు కూడా ట్రేడర్ల లెక్కలోకే వస్తారు. మా నాన్నగారి బోర్డు మీద ఉన్న మాటే, ఇక్కడ చట్టంలోకి ఎక్కింది. స్నేహానికి చేస్తే కమిషన్ తీసుకోకు. కమిషన్ తీసుకునేటట్టయితే రిజిస్టర్ చేయించుకో.

చివరి ప్రశ్న, వంటవాళ్ళు సైగ చేస్తున్నారు.

(వెనక వరసలోంచి: "సార్, నేను కాదు గానీ… మా ఫ్రెండ్ ఒకతను ఉన్నాడు. ఈ ఏడాది ఇప్పటికే తొమ్మిది అమ్మేశాడు. ఇప్పుడేం చేయాలి?" చాలాసేపు నవ్వులు)

మీ ఫ్రెండ్‌కి చెప్పండి బాబూ. ఈ రాత్రికి ప్రకటనలన్నీ దింపేయమనండి. అమ్మకాలు ఆపమనండి. ప్రకటనలు దింపమన్నాను కదా అని చాట్‌లు, బిల్లులు చెరిపేయకూడదు, అదింకో తప్పు అవుతుంది. కొన్న ధర, అమ్మిన ధర, తేదీ, తొమ్మిదింటికీ ఒక కాగితం మీద రాయమనండి. ఇన్‌లాండ్ రెవెన్యూ వాళ్ళు అడగక ముందే మనమే వెళ్ళి చెప్తే పెనాల్టీ బాగా తగ్గుతుంది, ఆ పని నేను చేసిపెడతాను. ట్రేడర్ రిజిస్ట్రేషన్ విషయంలో జరిగినదానికి లాయర్‌తో మాట్లాడాలి, ఆ సలహా నేను ఇవ్వకూడదు. ముందు ముందు చేయాలనుకుంటే, వీసా ఒప్పుకుంటుందో లేదో చూసుకుని, రిజిస్టర్ చేయించుకుని చేసుకోమనండి. దర్జాగా చేసుకోవచ్చు.

ఆ ఫ్రెండ్‌ని భోజనాలయ్యాక టీ దగ్గర ఒకసారి నన్ను కలవమనండి. నీలం చొక్కా వేసుకుని వచ్చాడనుకుంటాను.